జేజమ్మ వెలుగు మన ఫోనులోకి ఎందుకు రాదు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఫొటోల పిచ్చి ఉన్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గద్వాల కోటలోనే తీశాం. గద్వాల చీరే కట్టించాం. చేతిలో దీపం కూడా పెట్టాం. అయినా 'అరుంధతి' సినిమాలో ఉన్నట్టు రాలేదేం? ఇంకా ఖరీదైన ఫోను కొనాలా?" కొందరు 'మగధీర' గురించి అడుగుతారు, ఇంకొందరు 'బాహుబలి' గురించి. సినిమా ఏదైనా సందేహం ఒకటే. నచ్చిన సినిమాలోని ఆ చూపు మన ఫొటోలోకి ఎందుకు రావడం లేదు?

కోడి రామకృష్ణ దర్శకత్వంలో శ్యాంప్రసాద్ రెడ్డి తీసిన 'అరుంధతి' 2009 జనవరిలో విడుదలైంది. అందులో నాయిక జేజమ్మ కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది. అయితే గద్వాల అనుకుని మనం తెర మీద చూసిన ఆ బంగళా గద్వాలలో లేదు. అది బనగానపల్లె నవాబుల బంగళా, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. సినిమా వచ్చాక జనం దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు. సోమనాద్రి కట్టించిన అసలు గద్వాల కోట మాత్రం పట్టణం నడుమనే ఉంది. దాని లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. సినిమా చూసి గద్వాల వచ్చినవాళ్లు ఆ బంగళా ఎక్కడని వెతికితే దొరకదు.

చోటు మారినా తెర మీద గద్వాల గద్వాలగానే నిలబడింది. నిలబెట్టినవాటిలో పెద్ద పాలు వెలుగుది. ఆ వెలుగును దిద్దినవారు ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని, 'ఐతే', 'సై', 'ఛత్రపతి' మీదుగా 'అరుంధతి'కి వచ్చారు. అదే ఏడాది 'మగధీర' కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. వెలుగు ఎటు నుంచి రావాలి, ఎంత మెత్తగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి, చీకటిని ఎంత మిగల్చాలి అనే నాలుగు నిర్ణయాలు ఛాయాగ్రాహకుడు ప్రతి ఫ్రేముకూ తీసుకుంటాడు. మనం ఫోను తీసి నొక్కినప్పుడు ఈ నాలుగింటినీ ఫోనుకే వదిలేస్తాం. తేడా అంతా అక్కడే వస్తుంది.

వెలుగు ఎటు నుంచి వస్తోంది?

రాత్రి వసారాలో ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ముఖం తెల్లగా, చదునుగా వస్తుంది. వెలుగు మన వైపు నుంచే వెళ్లింది కాబట్టి నీడలన్నీ ముఖం వెనక్కి పోయాయి, కెమెరాకు ఒక్కటీ కనబడదు. లోతును మనకు చెప్పేది నీడే. ముక్కు పక్కన నీడ పడితేనే ముక్కు ముందుకు వచ్చినట్టు తెలుస్తుంది. అదే మనిషిని గుమ్మం పక్కన, వెలుగు చెంప మీదుగా వచ్చేలా నిలబెట్టి చూడండి. ముఖంలో సగం వెలుగు, సగం నీడ. ఎముక, చర్మం, ముడతలు, అన్నీ తెలుస్తాయి.

కోట గోడకూ ఇదే లెక్క. పొద్దున ఎండ గోడకు ఎదురుగా పడితే రాళ్లన్నీ ఒకే మాదిరి కనిపిస్తాయి. ఎండ గోడను ఒరుసుకుంటూ పోయే వేళలో ప్రతి రాయికీ ఒక నీడ పుడుతుంది, పెళ్లలూడిన సున్నం అంచు కూడా తెలుస్తుంది. మధ్యాహ్నం ఫొటో తీయకూడదని అందరూ చెబుతారు. ఆ మాట సగమే నిజం. గద్వాల భూమధ్యరేఖకు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది. అందుకే మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దాటాక ఇంకోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వెలుగు గోడ పైనుంచి కిందికి జారుతుంది. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల గోడల మీది శిల్పాలు అప్పుడు ఎంత స్ఫుటంగా ఉంటాయో చూసినవారికే తెలుసు. అదే వెలుగు మనిషి ముఖానికి మాత్రం పనికిరాదు. కనుబొమల నీడలో కళ్లు మునిగిపోతాయి.

పనికిరాదన్న ఆ వెలుగునే కొందరు కోరి తెచ్చుకున్నారు. 1972లో వచ్చిన 'గాడ్‌ఫాదర్' సినిమాలో ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ మార్లన్ బ్రాండో మీద వెలుగును నెత్తి మీది నుంచే వేశారు. ఆ ముసలాయన కళ్లలో ఏముందో చూసేవాడికి అందదు. భయం అక్కడ పుడుతుంది.

దీపాన్ని గడ్డం కింద పెడితే ఎవరి ముఖమైనా భయంగా మారుతుంది. కారణం మన మెదడులో ఉంది. పుట్టినప్పటి నుంచీ వెలుగు పైనుంచే వస్తుండటంతో, మెదడు దాన్ని ఒక నియమంగా పెట్టుకుంది. వెలుగు కింది నుంచి వస్తే నీడలు తలకిందులవుతాయి. తెలిసిన ముఖమే తెలియనిదవుతుంది. 'అరుంధతి' లాంటి భయం సినిమాలకు ఈ లక్షణం పెద్ద ఆస్తి. మీ ఫొటోకు భయమే కావాలంటే దీపాన్ని దించండి. జేజమ్మ ఠీవి కావాలంటే దీపాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, కాస్త పక్కకు జరపండి.

గట్టి వెలుగు, మెత్తని వెలుగు

ఆకాశంలో సూర్యుడు మన కంటికి అర డిగ్రీ వెడల్పే కనిపిస్తాడు. అంత చిన్న చోటి నుంచి వచ్చే వెలుగు గట్టి నీడ వేస్తుంది. చెయ్యి గోడకు మీటరు దూరంలో ఉంటే, దాని నీడ అంచు సుమారు ఒక సెంటీమీటరు మేర మాత్రమే మసకబారుతుంది. మబ్బు పట్టిందా, వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది, నీడ కరిగిపోతుంది. వెలుగు ఎంత పెద్ద చోటి నుంచి వస్తే అంత మెత్తన.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మెత్తని వెలుగంటే తక్కువ వెలుగు అనుకుంటారు. పెద్ద కిటికీ పక్కన నిలబడిన మనిషి మీద వెలుగు ఎక్కువగానూ ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. అలాంటి పాత కట్టడాల్లో ఎత్తైన తలుపులు, పొడుగాటి వసారాలు ఉంటాయి. ఎండ నేరుగా పడని వైపు వసారాలో గుమ్మానికి మూడు నాలుగు అడుగుల లోపల మనిషిని నిలబెడితే, స్టూడియోలో తెల్ల గుడ్డ కట్టి తెచ్చుకునే వెలుగు ఊరికే దొరుకుతుంది. నీడ మరీ చిక్కనైతే అవతలి వైపు ఒక థర్మోకోల్ షీటు పట్టుకోండి. సినిమా వాళ్లు చేసేదీ అదే. ఆ షీటు యాభై రూపాయల వస్తువని చిన్నచూపు చూడొద్దు.

ఇక దీపం. మంట చిన్నది, కాబట్టి గట్టి వెలుగు. దానికి ఇంకో గుణం ఉంది. దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ముఖానికి ఒక అడుగు దూరంలో ఉన్న దీపం పదడుగుల దూరంలోని గోడకు ఇచ్చేది అందులో నూరో వంతు. కాబట్టి దీపం వెలుగులో మనిషి చుట్టూ చీకటి తనంతట తానే వచ్చేస్తుంది, దాన్ని ఎవరూ తేనక్కర్లేదు. కానీ గది లైటు ఒక్కటి వెలిగించారో, ఆ నూరింతల తేడా పోయి దీపం ఉత్త అలంకారమైపోతుంది. మంట ఒక్కటే చాలనప్పుడు సినిమా వాళ్లు ఫ్రేము బయట, దీపం ఉన్న వైపే, అదే రంగులో ఇంకో లైటు పెడతారు. చూసేవాడికి వెలుగంతా దీపానిదే అనిపిస్తుంది. ఇంట్లో అయితే పాత పసుపు బల్బు ఒకటి తక్కువ వెలుగులో పెట్టి ఈ పని చేసుకోవచ్చు.

చీకటిని ఫోను ఎందుకు తుడిచేస్తుంది?

అసలు సంగతి ఇది. దీపం, చీర, గోడ అన్నీ కుదిరినా ఫొటో చెడగొట్టేది ఫోను మంచితనమే. చీకటి కనిపిస్తే దానికి ఊరుకోబుద్ధి కాదు.

కెమెరా లోపల వెలుగును పట్టే పలక ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. దాని మీద కోట్లకొద్దీ చిన్న గదులు ఉంటాయి. చూరు కింద వానకు వరసగా గిన్నెలు పెట్టామనుకోండి. ధార పడే చోటి గిన్నె నిండి పొర్లుతుంది. ఆ తర్వాత ఎంత వాన పడినా దానికి లెక్క లేదు, నిండింది అని మాత్రమే చెప్పగలదు. అంచున ఉన్న గిన్నెలో రెండు చినుకులు పడతాయి. అవి వానవో, పక్క గిన్నె నుంచి చిందినవో తేల్చలేం. సెన్సర్‌లోని గదులూ అంతే. మంట ఉన్న చోట గది నిండి పొర్లితే అక్కడ రంగూ రూపూ పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. చీకటి ఉన్న చోట అందిన కొద్దిపాటి వెలుగు లోపలి విద్యుత్ గోలలో కలిసిపోయి మరకలు మరకలుగా కనిపిస్తుంది. ఫోనులో ఒక్కో గిన్నె వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. పెద్ద కెమెరాల్లో దానికి ఐదారు రెట్లు ఉంటుంది. చిన్న గిన్నె తొందరగా నిండుతుంది, అందుకే ఫోను వెలుగునూ చీకటినీ ఒకేసారి పట్టుకోవడానికి తంటాలు పడుతుంది.

ఈ లోపాన్ని కప్పడానికి ఫోను రెండు పనులు చేస్తుంది. దృశ్యం మొత్తం మీద సగటు వెలుగు ఒక మధ్యస్థ బూడిదరంగుకు వచ్చేలా సర్దుతుంది. పైగా వెలుగులో ఒకటి, చీకటిలో ఒకటి చొప్పున వరసగా చాలా ఫొటోలు తీసి వాటిని ఒకటిగా అతుకుతుంది. పుట్టినరోజు ఫొటోకు ఇది వరమే. దీపం పట్టుకున్న జేజమ్మకు శాపం. మూడొంతుల ఫ్రేము చీకటిగా ఉండాల్సిన చోట ఫోను ఆ చీకటిని పైకి లేపుతుంది. గోడ బూడిదరంగుకు తిరుగుతుంది, మంట తెల్లబోతుంది, ముఖం కాగితంలా మారుతుంది.

విరుగుడు చాలా తేలిక. తెర మీద మంట దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. మంట చుట్టూ నారింజ రంగు తిరిగి వచ్చేదాకా లాగండి. నైట్ మోడ్ ఆపేయండి. ముఖంలో నీడ వైపు కన్ను దాదాపు కనబడకుండా పోతే కంగారు పడకండి. సినిమాల్లోనూ ఆ కన్ను చాలాసార్లు అలాగే ఉంటుంది, ఆపి చూసుకోండి. ఇంటర్నెట్‌లో సినిమా రంగులని అమ్మే ఫిల్టర్ల కంటే ఈ ఒక్క వేలు కదలిక ఎక్కువ పని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. తీసేటప్పుడు లేని నీడను ఏ ఫిల్టరూ తర్వాత తెచ్చి పెట్టలేదు.

దీపం పసుపు, వెన్నెల నీలం

జేజమ్మ అనగానే కళ్ల ముందుకు వచ్చేవి కుంకుమ ఎరుపు, దీపాల పసుపు, చుట్టూ నలుపు. వెలుగుకు రంగుంటుందని మనకు మామూలుగా తెలియదు. కంటికి అలవాటు పడే గుణం ఉండటంతో దీపం కింద కాగితమూ, ఎండలో కాగితమూ మనకు తెల్లగానే కనిపిస్తాయి. ఈ రంగును కెమెరా వాళ్లు కెల్విన్ లెక్కలో కొలుస్తారు. ప్రమిద వెలుగు 1,900 దగ్గర, పాత బల్బు 2,800 దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర, నీడపట్టున ఆకాశం నుంచి వచ్చే వెలుగు 7,000 పైన. అంకె చిన్నదైతే ఎరుపు వైపు, పెద్దదైతే నీలం వైపు.

ఫోను దీపం పసుపును దోషమనుకుని సరిచేస్తుంది. ఫోనులో ప్రో అనే విభాగం ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను 5,500 దగ్గర కట్టేయండి. పసుపు పసుపుగానే నిలుస్తుంది. పొద్దు గుంకిన పది పదిహేను నిమిషాలకు, ఆకాశంలో ఇంకా వెలుతురు ఉండగానే కిటికీ దగ్గర దీపం పెట్టి తీస్తే ఒకే ఫ్రేములో లోపల నారింజ, బయట నీలం దొరుకుతాయి. పెద్ద సినిమాలు రాత్రిని చూపించడానికి ఎక్కువగా వాడే జోడీ ఇదే.

గద్వాల చీర గురించి ఒక మాట చెప్పాలి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, వాటిలో జరీ. నూలూ, జరీ వెలుగుతో వేర్వేరుగా నడుచుకుంటాయి. నూలు తన మీద పడిన వెలుగును అన్ని వైపులా వెదజల్లుతుంది, అందుకే ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. జరీ పోగు అద్దం జాతి. వెలుగు ఏ కోణంలో వచ్చిందో అంతే కోణంలో అవతలి వైపుకు పంపుతుంది. చీరను కిటికీ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక చోట అంచు మట్టి రంగులో ఉంటుంది. బెత్తెడు తిప్పగానే బంగారంలా లేస్తుంది. పోగు నిలువుగా నేసిన చోట, అడ్డంగా నేసిన చోట ఆ మెరుపు కోణాలు కూడా వేరు. ఎదురు వెలుగులో తీసిన గద్వాల చీరల ఫొటోల్లో జరీ చచ్చిపోయి ఉండటానికి కారణం ఇదే. వెలుగును పక్కకో, కాస్త వెనక్కో జరిపితే అంచు దానంతట అదే వెలుగుతుంది. నేతగాడి కష్టం అప్పుడు కంటికి ఆనుతుంది.

వెన్నెల సంగతి ఇంకా విచిత్రం. వెన్నెల నీలంగా ఉంటుందని మన నమ్మకం. నిజానికి అది చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే. చంద్రుడి నేల రంగు వల్ల ఎండ కన్నా కాస్త ఎరుపు వైపే ఉంటుంది. కాకపోతే నిండు పున్నమి వెలుగు ఎండలో సుమారు నాలుగు లక్షల్లో ఒక వంతు. అంత తక్కువ వెలుగులో కంటిలో ఎరుపును పట్టే కణాలు దాదాపు పని మానేస్తాయి, నీలం-ఆకుపచ్చ వైపు చురుకైన వేరే కణాలు బాధ్యత తీసుకుంటాయి. రెండు వందల ఏళ్ల కిందట దీన్ని గమనించిన చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరే ఈ మార్పుకు పెట్టారు. సినిమా వాళ్లు రాత్రికి నీలం పూయడం వెనక ఉన్నది మన కంటి తీరే.

నలుపు తెలుపు కాలంలో ఆ నీలం కూడా లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పడవ పాట గుర్తుంది కదా. మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. కొంత ఎన్నూరు దగ్గర ఆరుబయట, మిగతాది స్టూడియో లోపల తీశారు. రంగు సాయం లేకుండా అక్కడ వెన్నెల పుట్టిందంటే నీటి తళుకులు, మనుషుల అంచుల మీద వెలుగు, మిగతా చోట్ల మితమైన నీడ, ఇవే పనిచేశాయి. 2010లో ఆ సినిమాకు రంగులు వేసి విడుదల చేశారు. వెన్నెల వెలుగును నేర్చుకోవాలంటే మాత్రం నలుపు తెలుపు ప్రతినే చూడమంటాను.

మన చోట్లు, మన వేళలు

పొద్దున, సాయంత్రం వచ్చే నీరెండ సంగతి ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు. సూర్యుడు నేల అంచున ఉన్నప్పుడు వెలుగు నడినెత్తిన ఉన్నప్పటికంటే 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. లండన్ పుస్తకాలు ఈ బంగారు వేళను గంటసేపు అంటాయి. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు. నేల అంచుకు ఆరు డిగ్రీల ఎత్తు నుంచి అస్తమయం దాకా పట్టేది ఇంచుమించు 25 నిమిషాలు. శ్రీరంగాపురంలో చెరువు నడుమ ఉన్న రంగనాయకస్వామి గుడినో, సోమశిల దగ్గర కృష్ణనో ఆ వెలుగులో తీయాలంటే అరగంట ముందే చోటు ఎంచుకుని నిలబడాలి.

గాలిలో తేమ, దుమ్ము, పొగ ఉంటేనే వెలుగు బారు కంటికి కనిపిస్తుంది. శుభ్రమైన గాలిలో ఎంత బలమైన కిరణమైనా పక్క నుంచి కనబడదు. సెట్లలో పొగ పెట్టేది ఇందుకే. చలికాలం పొద్దున నల్లమలలో మంచు ఆ పని ఊరికే చేసిపెడుతుంది. మన్ననూరు దాటాక అది అమ్రాబాద్ పులుల అడవి. అక్కడ పొగలూ మంటలూ పెట్టే ఆలోచనే రాకూడదు.

ఫ్రేము గురించి కొద్దిగా. మన సినిమాల వెడల్పు తెర ఎత్తుకు రెండుంపావు రెట్లకు మించి ఉంటుంది. ఫోను ఫొటో అంత వెడల్పు ఉండదు. తర్వాత కత్తిరించుకుందామంటే తలో కాళ్లో పోతాయి. తీసేటప్పుడే పైనా కిందా చోటు వదలండి. గోడ మహా ఎత్తుగా కనిపించాలంటే కూర్చుని, గోడకు దగ్గరగా జరిగి, పైకి చూసి తీయండి. ఎత్తు భ్రమ దగ్గరితనం వల్ల వస్తుంది, లెన్సు దాన్ని ఫ్రేములో ఇమిడ్చి పెడుతుందంతే.

నచ్చిన సినిమా చూపుతో ఫొటో తీయడమంటే ఆ సీనును అచ్చు దించడమేనా? అమెరికా ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ 1977, 1980 మధ్య పాత సినిమాల్లోని ఫ్రేముల్లా అనిపించే నలుపు తెలుపు ఫొటోలు వరసగా తీశారు. అన్నిట్లోనూ ఆమే పాత్ర. చూసినవారు ఇది ఏదో సినిమాలోదే అనుకుంటారు, కానీ అందులో ఒక్కటి కూడా నిజంగా ఉన్న సినిమా సీను కాదు. ఆమె సినిమాల నుంచి తీసుకున్నది వెలుగు, కోణం, చూపు. మన పిల్లలకూ ఆ దారే మేలని నా అభిప్రాయం. కత్తీ, పెద్ద బొట్టూ తెచ్చుకుని జేజమ్మ వేషం కడితే అది వేషంగానే మిగులుతుంది. మగ్గం ముందు కూర్చున్న మనిషి మీద, జొన్నరొట్టె తడుతున్న అవ్వ మీద ఆ దీపం వెలుగును పడనివ్వండి. అప్పుడది మీ ఫొటో అవుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. మీకు నచ్చిన సినిమాలో ఒక్క ఫ్రేమును ఆపండి. ముక్కు నీడ ఎటు పడింది, నీడ అంచు గట్టిగా ఉందా మెత్తగా ఉందా, వెలుగు రంగేమిటి, ఫ్రేములో ఎంత భాగం చీకటి, ఇవి ఒక కాగితం మీద రాసుకుని, అదే వెలుగు మీ ఇంట్లో ఏ గుమ్మం దగ్గర, ఏ వేళకు వస్తుందో వెతకండి. కోటకు వెళితే కళాశాల తరగతుల వేళ కాకుండా, అక్కడివారిని అడిగి వెళ్లండి. గుళ్లలో ఫొటోలు వద్దన్న చోట తీయకండి. ఆ ఫొటోను నలుగురికీ చూపించేటప్పుడు కింద సినిమా పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. సెంథిల్ కుమార్ అనో, మార్కస్ బార్ట్లే అనో, ఆ వెలుగును దిద్దిన ఛాయాగ్రాహకుడి పేరు కూడా రాయండి.